ముప్పై ఎనిమిది తలకాయలు

శుక్రవారం సాయంత్రం, మహబూబ్‌నగర్

పదిహేడేండ్ల నుంచి బస్సుల తలకాయలు లెక్కపెట్టుడే నా పని. ఆర్‌టీసీల కండక్టర్‌ని. అందుకే మా చిన్నోని బడి హెచ్ఎం మేడమ్ "మీకు అలవాటే గదా" అని నన్ను అడగకముందే నా పేరు రాసుకున్నది. మూడు, నాలుగు తరగతుల పిల్లలను రెండు రోజుల యాత్రకు తీస్కపోతున్నరు. మొదటి రోజు పిల్లలమర్రి, ఆలంపురం. రాత్రి అక్కడ్నే బస. తెల్లారి గద్వాల, జూరాల చూసుకొని ఇంటికి. పిల్లలు 38 మంది, టీచర్లు ముగ్గురు, మేడమ్, ఆరుగురు పేరెంట్లం. నేను రెండు రోజులు లీవు పెట్టిన. ఉన్నమాట చెప్తున్న, టికెట్లు కొట్టే టిమ్ మిషన్ మెడల లేకుండ ఒక్కసారన్న కిటికీ పక్కన కూసోని పోవాలని నాకూ ఆశుండె.

మీటింగు అంటే చాయ్, బిస్కట్లు అనుకున్న. మేడమ్ గంటంపావు కూసోబెట్టింది. ఒక్కొక్క బిడ్డకు ఒక్కొక్క కాగితం. ఏ మందు ఏసుకుంటడు, ఏది తింటే పడదు, ఎవరి నంబరుకు ఫోన్ చెయ్యాలె, తిరిగొచ్చినంక బిడ్డను ఎవరికి అప్పజెప్పాలె. మా పాలమూరుల పల్లీలు లేకుండ ఏ ప్రయాణం నడవదు. ఒకమ్మ అందరికీ పల్లీపట్టీలు డబ్బానిండ తెచ్చింది. ఆ డబ్బా అట్లనే వాపసు పోయింది. మూడో తరగతి పిల్లగానికి పల్లీ నోట్ల పడితే మూతి వాచి ఊపిరాడదట. పక్కోని చేతికంటిన పొడి చాలట.

మా బడి దగ్గర ఫోటో స్టూడియో నడిపే అన్న కూడ వచ్చిండు. ఆయన బిడ్డ మూడో తరగతి. పెద్ద కెమెరా మెడకేసుకొని, "మేడమ్, పైసా తీసుకోను, ఆల్బం చేసిస్త" అన్నడు. మేడమ్ ఒద్దన్నది. బడి ఫోన్‌ల తప్ప ఎవ్వరి ఫోన్లనూ పిల్లల ఫోటోలుండొద్దు, వాట్సాప్ స్టేటస్‌లు పెట్టొద్దు, ఏ ఊరికాడ ఉన్నమో రాయొద్దు. 38 కాగితాలల్ల మూడింటి మీద ఫోటోలు వద్దని తల్లులే రాసిన్రట. ఒకరి ఇంట్ల కోర్టు కేసు నడుస్తున్నది, బిడ్డ ఎక్కడున్నదీ తండ్రి దిక్కోళ్లకు తెలువద్దు. అన్న కెమెరాను సంచిల పెట్టుకున్నడు. మొకం మాత్రం చిన్నగైంది.

ఇంకొక మాట అందరికీ గుచ్చుకున్నది. పిల్లల మీద లైంగిక దాడులు ఆపేటందుకు పోక్సో చట్టం 2012ల వచ్చింది. దాని 2020 నిబంధనల ప్రకారం బడిల పిల్లల దగ్గర పనిచేసే సిబ్బందికి, టీచరైనా ఆయా అయినా కాంట్రాక్టు మీదున్నోళ్లైనా, పోలీసు వెరిఫికేషన్ చేయించాలె. "మీరు సిబ్బంది కారు, మీకు నేను చేయించలేదు. అందుకని ఏ పేరెంటూ ఏ బిడ్డతోటీ ఒంటరిగా ఉండొద్దు. బాత్రూంకైనా, బస్సు దగ్గరికైనా, నీళ్ల బాటిల్ మరిచిపోతె తెచ్చుడుకైనా" అన్నది మేడమ్. వెనక కుర్చీలకెళ్లి ఎవరో, "అంటే మమ్ములను దొంగలను చూసినట్టు చూస్తరా" అని గొణిగిన్రు. నిజం చెప్పాలంటే నా కడుపుల కూడ అదే మాట తిరిగింది.

మూడు జట్లు చేసిన్రు. ఒక్కో జట్టుకు ఒక టీచరు, ఇద్దరు పేరెంట్లు. ఎవరి బిడ్డ వాళ్ల జట్టుల ఉండొద్దు. మా చిన్నోడు ఇది విని ఇంటికొచ్చినంక గంటసేపు ఏడ్చిండు. "మరి నువ్వెందుకొస్తున్నవు?" అన్నడు. సమాధానం నా దగ్గర లేకుండె.

శనివారం

పొద్దున ఆరున్నరకు బడి ముంగట బస్సు. అది ప్రైవేటు బస్సు. అలవాటు చొప్పున నేను ముందు చక్రాలు చూసిన, తర్వాత మంటలార్పే సిలిండర్ తారీఖు చూసిన, ఎనక ఎమర్జెన్సీ తలుపు పట్టి గుంజిన. అది రాలేదు. తాడుతోటి కట్టేసి పెట్టిన్రు, లోపట స్టెప్నీ. డ్రైవర్‌తోటి పది నిమిషాలు లొల్లి పెట్టుకొని ఆ తాడు కోయించినంకనే పిల్లలను ఎక్కనిచ్చిన. ఇంజను పక్కన సీటుమీద ఒక్క బిడ్డను కూడ కూసోనియ్యలే. ఆ సీటుకోసం ఎంత కొట్లాటో పిల్లలను కన్నోళ్లకే తెలుసు.

పిల్లల మెడల కార్డుల మీద పేరు లేదు. బడి పేరు, మేడమ్ ఫోన్ నంబరు అంతే. పేరు రాస్తే ఎవడైనా చదివి "చిన్నా, ఇటు రా" అని పిలుస్తడు, పేరు తెలిసినోడు మనోడే అనుకుంటది బిడ్డ. ఇన్నేండ్లు బస్సులల్ల చూసిన, ఈ ఆలోచన నాకు ఎన్నడు రాలే.

పిల్లలమర్రి మా ఊరిదే. నాలుగు కిలోమీటర్లు. ఏడువందల ఏండ్ల మర్రి అని చెప్తరు, మూడెకరాలకు పైన పరుచుకున్నది. 2017 డిసెంబర్‌ల ఒక పెద్ద కొమ్మ విరిగి పడ్డది, చెదలు లోపటికెళ్లి తినేసినయి. ఆ మరుసటేడు కొమ్మలకు సెలైన్ బాటిళ్లు కట్టి చుక్కచుక్క మందెక్కించిన్రు. మా చిన్నప్పుడు ఊడలు పట్టుకొని ఊగినోళ్లం, ఇప్పుడు కంచె అవతల్నుంచే చూడాలె. "చెట్టుకు జరమొచ్చిందా?" అని నా జట్టుల ఒక పిల్ల అడిగింది. ఔనన్న. "మరి దాని అమ్మ ఏది?" అన్నది. ఇన్ని ఊడలల్ల అమ్మెవరో బిడ్డెవరో నేనెక్కడ చెప్పను.

అక్కడ తలకాయలు మూడుసార్లు లెక్కపెట్టిన. బస్సు దిగినప్పుడు, మ్యూజియంల పోయేటప్పుడు, మళ్ల ఎక్కినప్పుడు. పిల్లలను వరుసల నిలబెట్టి లెక్కపెడితే తప్పొస్తది, వాళ్లు కదులుతరు. జోడీలు కట్టి జోడీలను లెక్కపెట్టాలె. నా జట్టుల 13 మంది, ఐదు జోడీలు, ఒక ముగ్గురి గుంపు. ఎవరి జోడీ కనబడకున్నా ముందు పిల్లలే అరుస్తరు. మహాలక్ష్మి పథకం 2023 డిసెంబర్‌ల వచ్చిన కాడికెళ్లి నా బస్సుల నిలబడే జాగ లేకపోయినా జీరో టికెట్లు తప్పులేకుండ కొట్టినదాన్ని, కాని 13 మంది పిల్లలు నూటముప్పై మందితోటి సమానమని ఆ పొద్దే తెలిసింది.

భూత్‌పూర్ కాడ పెద్ద రోడ్డెక్కినం. కొత్తకోట, పెబ్బేరు దాటి బీచుపల్లి కాడ కృష్ణ. ఆంజనేయస్వామి గుడి కాడ అన్నం తిన్నం. మొదట రాసిన ప్లానుల ఇక్కడ పుట్టి ఎక్కిచ్చుడు కూడ ఉండెనట. గుండ్రటి పుట్టిల తిరుగుతుంటే పిల్లలకు ఎంత సంబురం. మేడమ్ దాన్ని ఎర్ర పెన్నుతోటి కొట్టేసింది. 2024 జనవరి 18న గుజరాత్‌ల వడోదర హర్ణి చెరువుల బడిపిల్లల పడవ తిరగబడ్డది. 12 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు పోయిన్రు. చాలామంది ఒంటి మీద లైఫ్ జాకెట్లే లేకుండె. ఆ వార్త కాగితం మేడమ్ బీరువాల అతికించుకున్నదట. ఒడ్డున నిలబడి నీళ్లకు దండం పెట్టుకొని బస్సెక్కినం.

ఆలంపురం చేరేటప్పటికి మూడు దాటింది. తుంగభద్ర ఒడ్డున బాదామి చాళుక్యులు కట్టిన తొమ్మిది గుళ్లు, నవబ్రహ్మలంటరు. పేరు బ్రహ్మ, లోపలున్నది శివుడు. స్వర్గబ్రహ్మ గుడి గోడల మీది శిల్పాలు చూస్తుంటే నా మెడ నొచ్చింది గాని కండ్లు నిండలే. పక్కన్నే అష్టాదశ శక్తిపీఠాలల్ల ఒకటైన జోగులాంబ గుడి. ఇంత గొప్ప తావుల నాకు ఒకటే బుగులు. తొమ్మిది గుళ్లు, తొమ్మిది చీకటి గర్భగుళ్లు, చుట్టు తిరిగే సందులు, రాతి స్తంభాలు. దాగుడుమూతలు ఆడనీకెనే కట్టినట్టున్నయి.

ఆరో గుడి కాడ లెక్కపెడితే 12.

మళ్ల పెట్టిన. 12. జోడీ పిల్లను అడిగితే, "ఏమో ఆంటీ, ఇప్పుడే ఉండె" అన్నది. నా కాళ్లు వణికినయి. బస్సుల టికెట్టు తక్కువైతే జీతంల కోస్తరు, బిడ్డ తక్కువైతే ఏమియ్యాలె? టీచరమ్మ మిగిలిన 12 మందిని ఒక్క కాడ కూసోబెట్టింది, కదలనియ్యలే. అదే మొదటి పని అని మేడమ్ ముందే చెప్పింది. ఒక్కరు ఎతకాలె, ఉన్నోళ్లను ఇడిచిపెట్టి అందరు ఎతికితే ఇంకొకరు పోతరు. నేను గుళ్ల నడుమ ఉరికిన. మేడమ్‌కు ఫోన్ చేసిన. నాలుగు నిమిషాలు గావచ్చు. ఎదురుంగ స్టూడియో అన్న ఆ బిడ్డ చెయ్యి పట్టుకొని నవ్వుకుంట వస్తున్నడు.

"కడుపు నొస్తుందన్నది అక్కా, పాయఖాన దూరమున్నది. మీరందరు శిల్పాలు చూస్తున్నరు, ఎందుకు ఆపాలె అని తీస్కపోయిన."

అంతే. ఆయన బయట్నే నిలబడ్డడట. బిడ్డ కూడ అదే చెప్పింది, సంతోషంగ ఉన్నది, చేతిల చాక్లెట్ కూడ ఉన్నది. నాకు ఏడుపు, కోపం, ఊపిరి ఒక్కపారే వచ్చినయి. ఏమనలేదు.

రాత్రి పిల్లలు పన్నంక మేడమ్ ఆయనను పిలిచింది. నన్నూ పిలిచింది, ఎందుకంటే ఆమె కూడ ఆయనతోటి ఒక్కతే మాట్లాడొద్దనుకున్నది. గొంతు పెంచలే. జరిగింది జరిగినట్టు ఒక నోటుబుక్కుల రాసింది, టైముతో సహా, ఆయనకు చదివి వినిపించింది. "మీరు తప్పు చేసిన్రని రాయలే అన్నా, మీరు ఏం చేసిన్రో రాసిన" అన్నది. ఆయన సంతకం పెట్టకుండ లేచిండు. బయటికొచ్చినంక నాతోటి అన్నడు: "నాకూ ఆడపిల్లనే ఉన్నది అక్కా. ఇట్ల ఏందిది? పొద్దుగాల కర్నూలు పోయి బస్సెక్కి ఇంటికి పోత."

అప్పుడు నాకొక సంగతి యాదికొచ్చింది. డ్యూటీ ఎక్కేముందు మేము మా సొంత పైసలెన్ని ఉన్నయో కాగితం మీద రాసి పెడతం. నూటయాభై అంటే నూటయాభై. కొత్తల చేరినప్పుడు నాకు మండేది, నా పర్సుల ఎంతుంటే వీళ్లకేంది అని. ఒక పొద్దు దారిల చెకింగ్ ఎక్కిన్రు. నా బ్యాగుల లెక్కకన్న రెండువందలు ఎక్కువున్నయి. ఆ రెండువందలు పొద్దుగాల రాసినయే, మా అత్తకు మందులకు పెట్టుకున్నవి. రాసి లేకపోతే ఆ దినం నా నోటిమాట ఎవడు నమ్మేటోడు? బస్సునిండ జనం చూస్తుంటే నేను దొంగనయ్యేదాన్ని.

ఇదే ఆయనకు చెప్పిన. "రేపు ఆ బిడ్డ ఇంటికి పోయి, స్టూడియో అంకుల్ నన్నొక్కదాన్నే తీస్కపోయిండు, చాక్లెట్ ఇచ్చిండు అని చెప్తది. చెప్పేది నిజమే గదా. వాళ్లమ్మ ఏమనుకుంటదో నువ్వే ఆలోచించు. నీ దిక్కు మాట్లాడేది ఆ నోటుబుక్కు ఒక్కటే అన్నా." ఆయన చాలసేపు తుంగభద్ర దిక్కు చూసిండు. ఏమనలేదు. నేనూ ఇంకేమనలేదు, నిద్రొస్తున్నది.

నిద్ర మాత్రం ఎక్కడిది. ఆడపిల్లల హాలుల టీచరమ్మ, నేను. మగపిల్లల హాలుల సారు, ఇంకొక తండ్రి. రెండింటికి ఒక పిల్ల లేచి కూసున్నది, పక్క తడిసింది. టీచరమ్మను లేపిన, ఇద్దరం కలిసి లైటెయ్యకుండ బట్టలు మార్పిచ్చినం, దుప్పటి మడిచి నా సంచిల పెట్టుకున్న. పొద్దుగాల ఏ ఒక్కరికీ తెలియలే.

ఆదివారం

లేచి చూస్తే స్టూడియో అన్న పిల్లలకు ఉప్మా వడ్డిస్తున్నడు. సంతకం పెట్టిండో లేదో నేను అడగలే.

గద్వాల కోట, లోపల చెన్నకేశవుని గుడి, బయట చీరల దుకాణాలు. అరగంటల అయిపోయింది. పేరెంట్లల్ల ఇద్దరు ఆడోళ్లు చీర చూసొస్తమని కదిలితే మేడమ్ ఒక్క చూపు చూసింది, ఆగిపోయిన్రు. నేనూ ఆ ఇద్దరిల ఒకదాన్ని, దాచేదేమున్నది.

జూరాల కాడ కథ వేరే. కృష్ణ మీద ప్రాజెక్టు, అరవైకి పైగ గేట్లు. మేము పోయినప్పుడు ఒక్క గేటు కూడ లేవలే. కింద బండలు తేలి, మధ్యల అద్దాలోలె నీళ్ల గుంటలు. పిల్లలంత "దిగుదాం, దిగుదాం" అని ఒకటే లొల్లి. ఒక తండ్రి కూడ, "నీళ్లే లేవు గదా మేడమ్" అన్నడు. నీళ్లు లేనప్పుడే భయపడాలె. గేట్లు లేవకున్నా ఇక్కడ 234 మెగావాట్ల కరెంటు కేంద్రమున్నది, టర్బైన్లు తిరిగితే నీళ్లు కిందికే వస్తయి. 2014 జూన్ 8న, తెలంగాణ వచ్చి వారం కూడ కాలే, హిమాచల్‌ల బియాస్ నదిల బండలమీద ఫోటోలు దిగుతున్న హైదరాబాదు ఇంజనీరింగ్ పిల్లలు 24 మంది కొట్టుకపోయిన్రు. పైన లార్జి డ్యాం నుంచి నీళ్లొదిలిన్రు. వాళ్లు ఈతొచ్చే ఈడు పిల్లలు. మావాళ్లు ఎనిమిదేండ్లోళ్లు. రోడ్డు మీదికెళ్లే చూపిచ్చినం.

జూరాల కాడ చేపలు తినకుండ వస్తే పాలమూరోళ్లు కారు. బండ్ల మీద ఏపుతుంటే వాసనకే కడుపు నిండుతది. పిల్లలకు మాత్రం పెరుగన్నం. ముళ్లు ఏరి పెట్టేటందుకు 38 మందికి పది మందిమి సరిపోం. మేం పెద్దోళ్లం కూడ వాళ్ల ముంగట తినలేక ఒదిలేసినం. ఆ బాధ ఇంకా ఉన్నది.

ఆత్మకూరు దాటినంక చాలమంది నిద్రపోయిన్రు. అప్పుడు నా జట్టుల ఒక బిడ్డ, ఆడపిల్లనో మగపిల్లగాడో కూడ రాయను, నా పక్కన కొచ్చి చెవుల, "ఆంటీ, ఒకటి చెప్తె ఎవ్వరికీ చెప్పవు గదా?" అన్నది. ఇంకెప్పుడైన అయితే "చెప్ప బిడ్డా, ఒట్టు" అనేదాన్ని. శుక్రవారం మీటింగుల మేడమ్ చెప్పింది యాదికొచ్చింది. ఒట్టెయ్యొద్దు. "నీ మంచికోసం ఒకరికి చెప్పవలసొస్తే చెప్త, నిన్నడిగే చెప్త" అన్న. బిడ్డ కొంచెంసేపు ఆగి చెప్పింది. ఇంటికాడ ఒక పెద్దాయన, "ఇది మనిద్దరి మధ్యనే" అన్న సంగతి. నేను ఎందుకు, ఎట్ల, ఎన్నిసార్లు అని అడగలే. అడగాలని నోటిదాక వచ్చింది. మనం పదిసార్లు అడిగితే బిడ్డ పదకొండోసారి మాట మారుస్తది, లేకపోతే మూసుకుంటది. "నాకు చెప్పి మంచిపని చేసినవు, నీ తప్పేం లేదు" అని మాత్రం అన్న. బస్సు ఆపిచ్చి మేడమ్‌కు చెప్పిన, బిడ్డ అన్న మాటలు అన్నట్టే.

అనుమానమొచ్చినా పోలీసులకు చెప్పాలె, పోక్సోల ఇది అందరి మీదున్న బాధ్యత. తెలిసి చెప్పకపోతే శిక్ష ఉంటది. పిల్లల హెల్ప్‌లైన్ 1098కు ఏ రాత్రైన ఫోన్ చెయ్యొచ్చు, పైసలు పడయి. మేడమ్ ఎవరికి ఫోన్ చేసిందో, ఆ తర్వాత ఏమైందో నేను ఇక్కడ రాయను. ఆ బిడ్డ ఎవరో తెలిసేటట్టు రాసుడు నేరం, అది పక్కకు పెట్టినా ఆ బిడ్డ నన్ను నమ్మింది.

బడి కాడికి వచ్చేవరకు రాత్రి ఏడున్నర. ఇండ్లోళ్లంత గేటు మీద పడ్డరు. కాగితం చూసి, పేరు అడిగి, సంతకం తీసుకొని ఒక్కొక్క బిడ్డను అప్పజెప్పినం. ఇరవై నిమిషాలల్ల 37 మంది పోయిన్రు. ఒకరు మిగిలిన్రు.

బండి మీద ఒకాయన వచ్చిండు. మేనమామనట. అమ్మకు డ్యూటీ ఉండి తనను పంపిందట. కాగితం మీద ఆయన పేరు లేదు. "ఇగో, మా అక్కతోటి మాట్లాడున్రి" అని తన ఫోన్ కలిపి ఇచ్చిండు. మేడమ్ ఆ ఫోన్ తీసుకోలే. ఆయన కలిపిన నంబరు అవతల ఎవరున్నరో మనకేం తెలుసు? కాగితం మీదున్న నంబరుకు తన ఫోన్‌తోటి చేసింది. స్విచ్ఛాఫ్. బిడ్డ "మామా" అని నవ్వుతనే ఉన్నది. ఆయన నానా మాటలు అన్నడు, బడిని తిట్టిండు, నన్నూ తిట్టిండు. తొమ్మిదింబావుకు తల్లి ఉరుక్కుంట వచ్చింది. ఆయన నిజంగనే మేనమామ, ఆమెనే పంపింది, ఫోన్ చార్జింగ్ అయిపోయింది. మేడమ్ క్షమించమన్నది, బిడ్డను పంపనందుకు కాదు, లేటైనందుకు.

ఆ గంటన్నరల మేడమ్ లోపల ఫోన్ల మీదున్నది, ఎందుకో నాకు తెలుసు. టీచర్లు బస్సు లెక్క చూస్తున్నరు. మా చిన్నోడు నా ఒళ్ల నిద్రపోయిండు. గేటు కాడ నేను, ఆ బిడ్డ. స్టూడియో అన్న తన బిడ్డను భార్యతోటి ఇంటికి పంపి మళ్ల వచ్చి మెట్టు మీద కూసున్నడు.

"నువ్వు పోరాదు అన్నా, అలసిపోయినవు" అన్న.

"ఒక్కరే ఉండొద్దట గదా అక్కా" అన్నడు.

తల్లి సంతకం పెట్టి పోయినంక నోటుబుక్కుల రాసిన: 38, రాత్రి 9.20. కింద నేను సంతకం చేసిన. దాని కింద అన్న చేసిండు.